చిత్త ఎండా, వరపా?

నైరుతి రుతుపవనం వెనక్కి తగ్గి, ఈశాన్య రుతుపవనం ఇంకా రాని రెండు మూడు వారాల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఎండ మళ్లీ ముదురుతుంది. పంచాంగం లెక్కన అది శరదృతువు. మబ్బు విడిపోతుంది, గాలి ఆగిపోతుంది, మొన్నటి వానకు తడిసిన నేల ఆవిరి కక్కుతుంది. ఒంటికి పట్టిన చెమట ఆరదు. పగటి వేడి 33 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. మే నెల నలభైతో పోలిస్తే అదేమంత కాదు. అయినా మే నెలలో లేని విసుగు అక్టోబరులో పుడుతుంది. బడి పుస్తకాలు దీన్ని ఇంగ్లీషు పేరుతోనే ‘అక్టోబర్ హీట్’ అంటాయి. తెలుగులో దీనికంటూ స్థిరపడ్డ పేరు కనిపించదు.

ఆ పేరు లేకపోవడం లోటా, కాదా అన్నదే ఇక్కడి వివాదం. వాదించేవాళ్లు ఇద్దరు. ఒకరు తిరుపతిలో స్థిరపడ్డ భూగోళశాస్త్ర అధ్యాపకుడు, పదవీ విరమణ చేసినవాడు. రెండోవాడు పాకాల వైపు రైతు, ఒకప్పుడు ఆయన శిష్యుడే. ఉన్న ఆరెకరాల్లో సగం చెనిక్కాయ వేస్తాడు, సగం తోతాపురి మామిడి. మనుషులు కల్పితులు, వాళ్లు ఎత్తే సంగతులు మాత్రం కావు.

అధ్యాపకుడు ముందుగా లోకంలో ఉన్న పేర్లన్నీ పరిచాడు. ఉత్తర అమెరికాలో తొలి మంచు పడి, చెట్లు బోడిగా మారాక, ఉన్నట్టుండి నాలుగు రోజులు వెచ్చబడితే దాన్ని ‘ఇండియన్ సమ్మర్’ అన్నారు. ఆ ఇండియన్లు మనం కాదు, అక్కడి ఆదివాసులు. ఈ మాట రాతలో కనిపించిన తొలి సందర్భం 1778 నాటిది, క్రెవ్‌కూర్ అనే ఫ్రెంచి అమెరికన్ రచయితది. పేరు ఎందుకు పుట్టిందో ఇవాళ్టికీ తేలలేదు. ఆదివాసులకు నొప్పి కలిగించే మాటని 2020లో అమెరికన్ వాతావరణ శాస్త్ర సంఘం తన పదకోశంలో దాన్ని మార్చి ‘సెకండ్ సమ్మర్’ అని పెట్టుకుంది. ఇంగ్లండులో ఇదే వెచ్చదనం అక్టోబరు 18 చుట్టూ వస్తే సెయింట్ లూక్ వేసవి, నవంబరు 11 చుట్టూ వస్తే సెయింట్ మార్టిన్ వేసవి. రష్యన్లకు ఇది ఆడవాళ్ల వేసవి, జర్మన్లకు ముసలమ్మల వేసవి. ఆ జర్మన్ పేరు తనలాంటివాళ్లకు అవమానమని ఒక పెద్దావిడ కోర్టుకెక్కితే, 1989లో డార్మ్‌స్టాట్ న్యాయస్థానం అవమానమేమీ లేదని తేల్చింది. జపాన్‌లో దీన్ని చిన్న వసంతం అంటారు. చైనావాళ్లు ఏకంగా శరత్కాలపు పులి అన్నారు. మన ఉత్తరాదిన కూడా ‘క్వార్ కీ ధూప్’ ఉంది, అంటే ఆశ్వయుజపు ఎండ.

“ఇంతమందికి ఇన్ని పేర్లున్నాయి. మనం మాత్రం ఇంగ్లీషు వాడి పేరు పట్టుకుని వేలాడుతున్నాం. వాతావరణ శాఖ లెక్కలో మైదానంలో 40 డిగ్రీలు చేరితే తప్ప వడగాడ్పు కాదు. అక్టోబరులో 36 చేరి జనం అల్లాడినా ఆ వేడికి అధికారికంగా ఏ పేరూ లేదు. పేరు లేని బాధను ఎవరు పట్టించుకుంటారు నాయనా?” అని అధ్యాపకుడి ఫిర్యాదు.

రైతుకు ఈ జాబితా నచ్చలేదు. “వాళ్లకు అది చుట్టం సార్. చలికి ముడుచుకునే ముందర నాలుగు దినాలు వచ్చిపోయే చుట్టం. అందుకని ముద్దుగా పేరు పెట్టుకున్నారు. మనకు ఎండ ఎప్పుడు కరువైంది, దాన్ని పేరు పెట్టి పిలుచుకునేదానికి? మనం ఎదురు చూసేది వానకు. అది రాకపోతే వరపు అంటాం. పేరు లేదంటారేంది, ఉండాది కదా!”

వరపు అంటే రెండు వానల నడుమ పైరు వాడుముఖం పట్టే ఎడం. దాన్ని రోజుల్లో కొలవరు. నేలలో మిగిలిన పదునును బట్టి, పైరు వయసును బట్టి కొలుస్తారు. వానలు తగ్గిన పది రోజులకే ఎర్రనేలలో వరపు మొదలైతే, నల్లరేగడిలో అదే పదిరోజులు ఊపిరి పీల్చుకునే వ్యవధి. మఖ, పుబ్బ కార్తెలు వరపైతే కరువు తప్పదని సామెతలు చెబుతాయి. ఈ కార్తెలు ఆగస్టు మధ్యనుంచి సెప్టెంబరు మధ్యదాకా నడుస్తాయి. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 తరవాత అత్యంత పొడి ఆగస్టు. ఆ అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. చిత్తూరు, అన్నమయ్య జిల్లాల మండలాలూ అందులో ఉన్నాయి. ఆ ఏడు సామెత మాటా, సర్కారు లెక్కా ఒకటే అయ్యాయి.

రైతు దీనికి చుట్టుపక్కల భాషల సాక్ష్యం కూడా తెచ్చాడు. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్లల్లో ఇదే కాలాన్ని ‘ఐప్పసి అడైమళై’ అంటారు, ఐప్పసి నెల జడివాన అని. కుప్పం అవతల కన్నడం వాళ్లకు ముందరి వాన ముంగారు, వెనకటి వాన హింగారు. మూడు భాషలు కలిసే ఈ మూలన మూడు భాషల్లోనూ అక్టోబరుకు వాన పేర్లే ఉన్నాయి, ఎండ పేరు ఒక్కదానిలోనూ లేదు. ఇది యాదృచ్ఛికం కాదన్నది అతని వాదం. ఇంత బలమైన సాక్ష్యం అధ్యాపకుడి జాబితాలో లేదనే చెప్పాలి.

అధ్యాపకుడు ఊరుకోలేదు. ముందు వేడి ఎందుకు పుడుతుందో చూడమన్నాడు. తిరుపతి 13 డిగ్రీల 38 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు దాని నడినెత్తికి వస్తాడు, ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి. ఆగస్టులో వచ్చినప్పుడు మబ్బు అడ్డం ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. మబ్బు తొలిగే అక్టోబరు మధ్యకు కూడా సూర్యుడు పెద్దగా దిగడు. మధ్యాహ్నం వేళ ఇంకా 68 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే రోజు లండన్‌లో 30 డిగ్రీల ఎత్తే. అంటే అక్కడి శరత్కాలపు వెచ్చదనం ఎక్కడో దక్షిణాది గాలి మోసుకొచ్చేది. ఇక్కడిది నెత్తిమీద సూర్యుడు నేరుగా ఇచ్చేది.

దానికి గాలి మార్పు తోడవుతుంది. జూన్ నుంచి వీచిన పడమటి గాలి సెప్టెంబరు చివరికి బలం తగ్గుతుంది. తూర్పు గాలి నిలదొక్కుకునేసరికి అక్టోబరు మూడో వారం. ఈశాన్య రుతుపవనం మొదలయ్యే సగటు తేదీ అక్టోబరు 20. ఈ రెండు గాలుల నడుమ కదలిక లేని రోజులుంటాయి. చెమట ఆరాలంటే గాలి కదలాలి, గాలిలో తేమ తక్కువుండాలి. ఈ రోజుల్లో రెండూ జరగవు. అందుకే మేలో ఎండ కాలుస్తుంది, అక్టోబరులో ఉడకబెడుతుంది. పాకాల మండలంలోనే ఉన్న గాదంకిలో 1992లో మొదలైన రాడార్ కేంద్రం, 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, పై గాలులను కొలుస్తుంది. రైతు పొలానికి ఎంతో దూరం కాదు. “మీ ఊరి పక్కనే గాలి మలుపు తిరగడాన్ని యంత్రంతో చూస్తున్నారయ్యా, నువ్వు మాత్రం దానికి పేరక్కర్లేదంటావు” అని అధ్యాపకుడు చురక అంటించాడు.

“ఆ మలుపు మాకూ తెలుసు సార్. తూర్పు గాలి తగిలినప్పుడు ఒంటికి తెలుస్తుంది. కానీ మీరు చెప్పే ఉక్క మా బావమరిదికి తెలీదు. వాడిది మదనపల్లె.”

ఇది మంచి అడ్డంకే. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే మదనపల్లె 700 మీటర్లకు దగ్గరగా ఉంది. కిలోమీటరు ఎత్తు పెరిగితే దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హార్స్‌లీ కొండ మీద 1,265 మీటర్ల దగ్గర అక్టోబరు ఎండ హాయిగా ఉంటుంది. వాన లెక్కా మారిపోతుంది. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు ఈశాన్య రుతుపవనం మీదే ఎక్కువ ఆధారం. పడమటికి పోయే కొద్దీ నైరుతి వాటా పెరుగుతుంది. పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తం మీద రెండు రుతుపవనాలూ చెరి సగానికి దగ్గరగా ఇస్తాయి. రాయలసీమలో మిగతా చోట్ల అక్టోబరు వానాకాలానికి ముగింపు అయితే ఇక్కడ అది నడిమి. ఎండ ఒకటే అయినా ముగింపులో వచ్చిన ఎండ వేరు, నడుమ వచ్చిన ఎండ వేరు.

పేరు పెడితే ఏం పెట్టాలన్న దగ్గర వాదం ఆసక్తికరంగా మారింది. ‘శరత్తు ఎండ’ అంటే పుస్తకాల వాసన కొడుతుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇంగ్లీషు ‘ఆటమ్’ను తెలుగు చేసేటప్పుడు కొందరు శరదృతువంటారు, కొందరు ఆకురాలు కాలమంటారు. ఇక్కడ ఆకు రాలేది శిశిరంలో, ఫిబ్రవరి మార్చిల్లో. అనువాదాలు చదివి పెరిగిన పిల్లలు అక్టోబరులో ఆకులు రాలతాయనుకుంటే తప్పు పిల్లలది కాదు.

ఆశ్వయుజపు ఎండ అందామా అంటే చాంద్రమాన నెల ఒకచోట నిలవదు. తిరుమల బ్రహ్మోత్సవాలే ఇందుకు సాక్ష్యం. 2025లో సెప్టెంబరు 24న మొదలయ్యాయి, 2024లో అక్టోబరు 4న. అధిక మాసం వచ్చిన 2023లో సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో మరొకటి, రెండు బ్రహ్మోత్సవాలు జరిగాయి. మాడవీధుల్లో భక్తుల అరికాళ్లు ఒక ఏడు కాలతాయి, ఒక ఏడు తడుస్తాయి.

కార్తె అలా కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు అది. ఏటా ఇంచుమించు అవే తేదీల్లో వస్తుంది. హస్త సెప్టెంబరు 27 ప్రాంతంలో, చిత్త అక్టోబరు 10 లేదా 11న, స్వాతి 24న. కాబట్టి దీన్ని ‘చిత్త ఎండ’ అందామని అధ్యాపకుడు ప్రతిపాదించాడు. “రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అంటాం కదా. కార్తెకు ఎండను ముడిపెట్టడం మన అలవాటే.”

“రోహిణికి ముడిపెట్టాం, నిజమే. చిత్తకు వానను ముడిపెట్టాం. హస్తకు ఆది వర్షం, చిత్తకు చివరి వర్షం అని మా జేజి అనేది.”

ఈ సామెత అర్థం దగ్గర ఇద్దరూ తగువు పడ్డారు. అధ్యాపకుడు దాన్ని కోస్తా, తెలంగాణల సామెతగా చదివాడు. చిత్తలో పడేదే ఆ ఏటి చివరి వాన, ఆ తరవాత పొడి కాలమే అని. తిరుపతికి అది నప్పదు, ఎందుకంటే ఇక్కడ అసలు వాన అప్పుడే మొదలవుతుంది. రైతు చదివే తీరు వేరు. హస్త మొదట్లో ఒక వాన కురవాలి, చిత్త ఆఖర్లో ఒక వాన కురవాలి, అదీ పైరు కోరే పద్ధతి. హస్త మొదలు అంటే సెప్టెంబరు చివరి వారం, నైరుతి వెళ్లిపోతూ ఇచ్చే వాన. చిత్త ఆఖరు అంటే అక్టోబరు 22, 23, ఈశాన్యం వస్తూ ఇచ్చే వాన. ఈ రెండో చదువు ప్రకారం చూస్తే సామెత తిరుపతికి అచ్చంగా సరిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ రెండు వానల మధ్య సామెత ఖాళీగా వదిలేసిన మూడు వారాలే అధ్యాపకుడు పేరు వెతుకుతున్న ఎండ. సామెతకు ఆ ఎండ తెలుసు. పేరు పెట్టకుండా దానికి రెండు పక్కలా రెండు వానలు నిలబెట్టింది.

అధ్యాపకుడు ఈ చదువుకు కొంత మెత్తబడ్డాడు గానీ ఒక మెలిక పెట్టాడు. కార్తెలు నక్షత్రాల లెక్క, రుతువులు సూర్యుడి లెక్క. ఈ రెంటికీ డెబ్బై ఏళ్లకు సుమారు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతుంది. ఐదారువందల ఏళ్ల కిందటి చిత్త ఇప్పటికన్నా ఓ వారం ముందు వచ్చేది. జేజి మాట జేజి కాలానికి సరే, అంతకు ముందుకు పోతే సరిపోలుతుందా? రైతు దగ్గర దీనికి జవాబు లేదు. సామెతకు పుట్టిన తేదీ ఉండదు కాబట్టి అధ్యాపకుడి దగ్గరా లేదు.

పాతవాళ్లకు ఈ వేడి తెలియదనుకోవడం పొరపాటని మాత్రం అధ్యాపకుడు ఆయుర్వేదాన్ని చూపించాడు. వర్షాకాలంలో కూడిన పిత్తం శరత్తు ఎండకు ప్రకోపిస్తుందని, ఆ రోజుల్లో ఎండలో తిరగవద్దని రుతుచర్య చెబుతుంది. తూర్పు గాలికి కూడా ఎదురు నిలవవద్దంటుంది.

“తూర్పు గాలి వద్దంటే ఎట్లా సార్? అది రాకపోతేనే కదా మేం గంపలెత్తేది!”

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత అతని మనసులో ఉంది. ఉత్తర కార్తె కూడా ఎండిపోతే ఊరు విడిచి వలస పొమ్మని దాని అర్థం. వైద్యుడికి గాలి ఒంటికి తగిలేది, రైతుకు మబ్బును తోలుకొచ్చేది. ఒకే రుతువును ఇద్దరు రెండు వైపుల నుంచి చూస్తే పేర్లు కలవకపోవడంలో వింతేముంది?

పొలంలోకి దిగితే చిక్కు ఇంకా ముడిపడుతుంది. జూన్ చివర, జూలైలో వేసిన చెనిక్కాయ నూట పది రోజుల పంట, అక్టోబరు మధ్యకు పీకుడుకు వస్తుంది. అప్పుడు వరపు పడితే ఎర్రనేల బిగుసుకుపోతుంది. చెట్టు పీకితే ఊడలు తెగి కాయలు నేల్లోనే మిగిలిపోతాయి. పీకాక మాత్రం ఎండ కావాల్సిందే. కుప్పలు వేసిన చెట్ల మీద జడి పడితే గుత్తి రకాల కాయలు మొలకెత్తుతాయి, వాటికి నిద్రావస్థ లేదు. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం నారాయణి, ధరణి వంటి రకాలను తెచ్చింది. ధరణి వరపును తట్టుకుంటుందని పేరు. ఒక పంట విత్తనాన్ని వరపుకు ఎదురు నిలిచేలా తయారు చేసి అమ్మే చోట, ఆ కాలానికి అసలు పేరు వరపు కాదని వాదించడం కష్టం. ఈ మాట రైతు అనలేదు, అనుంటే గెలిచేవాడు.

మామిడి దారి వేరు. వానాకాలపు చిగురు ముదిరి, రెండు నెలలు పొడిగా ఉంటేనే కొమ్మ పూతకు సిద్ధపడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో వాన ఎక్కువైతే కొత్త చిగురు వేసి పూతను వెనక్కి నెడుతుంది. కాబట్టి చెనిక్కాయ మడిలో తిట్టించుకున్న ఎండే గట్టు దాటి తోతాపురి తోటలోకి వస్తే మన్నన పొందుతుంది. అధ్యాపకుడు ఇక్కడే రైతును పట్టుకున్నాడు. “నీ తోటలో పడిన ఎండను కూడా వరపే అంటావా? వరపు నష్టానికి పేరు కదా. మేలు చేసే ఎండకు పేరేది?”

రైతు కాసేపు ఆలోచించాడు. “తోటలో దాన్ని ఏమీ అనం సార్. బాగుంది అంటాం.”

తరవాత రైతు ఎదురు దెబ్బ తీశాడు. 2024 అక్టోబరును ఉదాహరణగా తీసుకోమన్నాడు. 1901 నుంచి దేశంలో నమోదైన అక్టోబరుల్లో అదే అత్యంత వేడి. దేశ సగటు 26.92 డిగ్రీలు, మామూలుకన్నా 1.23 ఎక్కువ. పేపర్లన్నీ ఎండ గురించి రాశాయి. కానీ అదే నెల 17 తెల్లవారుజామున బంగాళాఖాతంలోని వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. తిరుపతిలో కుండపోత భయంతో తితిదే శ్రీవారి మెట్టు నడకదారిని మూసేసింది. చిత్త కార్తె నడుస్తోంది అప్పుడు. “దేశమంతా వేడెక్కిన అక్టోబరులో మన ఊరు తడిసింది. ఆ ఏడు మీ చిత్త ఎండ ఏ గుడి అరుగు మీద కూర్చునిందో చెప్పండి” అన్నాడు. దీంతో ‘చిత్త ఎండ’ దాదాపు ఓడిపోయింది. తేదీకి కట్టేసిన పేరు ఆ తేదీన వాన కురిస్తే అబద్ధమవుతుంది. వరపుకు ఆ ఇబ్బంది లేదు, వాన పడగానే అదే తప్పుకుంటుంది.

అధ్యాపకుడు ఓటమిని ఒప్పుకోలేదు, ప్రశ్నను పగటి నుంచి రాత్రికి మార్చాడు. ఆ 2024 అక్టోబరు లెక్కలో అసలు విశేషం పగటి వేడి కాదు. కనిష్ఠ ఉష్ణోగ్రత దేశ సగటు 20.01 ఉండాల్సింది 21.85 నమోదైంది. రాత్రులు చల్లబడలేదు. మబ్బు, తేమ నేల వేడిని పైకి పోనివ్వకుండా కప్పి ఉంచితే ఇలా అవుతుంది. దానికి ఎండ అక్కర్లేదు, వరపూ అక్కర్లేదు. వాన కురిసిన ఊళ్లో కూడా రాత్రి ఉక్కపోయవచ్చు.

ఇక్కడ రైతు మొదటిసారి అడ్డు చెప్పలేదు. మామిడి కొమ్మకు పొడి ఒక్కటే చాలదు, రాత్రి చలి కూడా తగలాలి. చలి తగలకపోతే మొగ్గ పూతగా మారాల్సింది చిగురుగా మారుతుంది. వరపు లేని ఏడాది కూడా అది జరగవచ్చు. ఆ సంగతి అతను చదువుకుని తెలుసుకున్నది కాదు, డిసెంబరు, జనవరిల్లో తోటలో కొమ్మలు చూసి తెలుసుకున్నది. “దాన్ని ఏమనాలో మా జేజి కూడా చెప్పలేదు సార్” అని ఒప్పుకున్నాడు.

పగటి ఎండ విషయంలో తీర్పు రైతుదే. ఈ ప్రాంతానికి వరపు సరిపోయే మాట, ‘అక్టోబర్ హీట్’ను తెలుగు చేసి కొత్త పేరు కట్టాల్సిన పనిలేదు. అక్టోబరు రాత్రి ఉక్కకు మాత్రం వరపు చాలదు, చిత్త ఎండా చాలదు. దానికి ఇంకా పేరు లేదు.